శనివారం సినగాగ్‌కి పిలిచారా? ఇలా వెళ్ళి రండి

అమెరికాలో నాలుగేళ్ళు ఉద్యోగం చేస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ పిలుపు వస్తుంది. పక్క సీటు ఆయనో, పిల్లాడి క్లాస్‌మేట్ వాళ్ళ అమ్మో, "శనివారం పొద్దున మా వాడి బార్ మిట్జ్‌వా, మీరంతా తప్పకుండా రావాలి" అని కార్డు ఇస్తారు. అంటే, పదమూడేళ్ళు వచ్చిన యూదు పిల్లాడు వాళ్ళ ప్రార్థనాలయం సినగాగ్‌లో అందరి ముందూ ధర్మగ్రంథం చదివే వేడుక. న్యూజెర్సీలో నాకు మొదటిసారి అలాంటి కార్డు వచ్చినప్పుడు ఎలా వెళ్ళానో చెబుతాను. చేతిలో పులిహోర డబ్బా, జేబులో డబ్బుల కవరు, గుమ్మం దగ్గర వంగి బూట్ల లేసులు విప్పుతూ నేను. మూడూ తప్పే. ఎవరూ ఏమీ అనలేదు, అదింకా ఇబ్బంది. మీకా అవస్థ రాకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక అలవాటు ఇంటి దగ్గరే వదిలేయాలి: దర్శనం అలవాటు. మనం గుడికి వెళ్తే గంట కొట్టి, దణ్ణం పెట్టుకుని, తీర్థం శఠగోపం అయ్యాక పావుగంటలో బయట ఉంటాం. సినగాగ్‌లో చూడటానికి విగ్రహం లేదు, అర్చన టికెట్టు లేదు, హుండీ లేదు. అందరూ కూర్చుని ఒకే పుస్తకం చదువుతారు, తరవాత కలిసి తింటారు. కాబట్టి గుడికి వెళ్తున్నాననుకోకండి, దగ్గరివాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తున్నాననుకోండి. అయిదు కథలూ విని, భోంచేసి గాని కదలకూడదు. ఈ లెక్క పెట్టుకుంటే మిగతావి తేలికే.

పిలుపు రాగానే అడగాల్సినవి

మొదటి ప్రశ్న: మీది ఆర్థొడాక్సా, కన్సర్వేటివా, రిఫార్మా? (ఇవి యూదుల్లో శాఖలు; ఆచారం గట్టిగా పాటించేది ఆర్థొడాక్స్, సడలించుకున్నది రిఫార్మ్.) ఇలా అడగడం తప్పు కాదు, అడిగినందుకు సంతోషిస్తారు కూడా. ఆర్థొడాక్స్ అయితే ఆడవాళ్ళూ మగవాళ్ళూ వేరువేరుగా కూర్చుంటారు, మధ్యలో మెహీట్సా అనే తెర గానీ గోడ గానీ ఉంటుంది. భార్యాభర్తలు కలిసి వెళ్తే పిల్లలు ఎవరి దగ్గర కూర్చోవాలో ముందే మాట్లాడుకోండి. కన్సర్వేటివ్, రిఫార్మ్ వాళ్ళ దగ్గర అందరూ కలిసే కూర్చుంటారు. రిఫార్మ్‌లో ఇంగ్లీషు ఎక్కువ, చాలాచోట్ల వాద్యాలు కూడా ఉంటాయి. ఆర్థొడాక్స్‌లో దాదాపు అంతా హీబ్రూనే, శనివారం వాద్యం ముట్టుకోరు.

ఇక్కడో తమాషా. రిఫార్మ్ వాళ్ళు సినగాగ్‌ని 'టెంపుల్' అనడం ఎక్కువ, పాతకాలం వాళ్ళు 'షూల్' అంటారు. మా టీములో ఆయన "శనివారం టెంపుల్లో ఉంటాను" అంటే నేనూ "నేను కూడా" అన్నాను. శనివారం వెంకన్న వారం కదా, నేను బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడికి. ఇద్దరం సోమవారం దాకా ఒకరి మాట ఇంకొకరికి అర్థమైందనే అనుకున్నాం.

రెండో ప్రశ్న: గేటు దగ్గర పేరు ముందే ఇవ్వాలా? 2018 అక్టోబర్ 27న, అదీ ఒక శనివారం పొద్దునే, పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో కాల్పులు జరిగి 11 మంది చనిపోయారు. ఆ తరవాత చాలాచోట్ల గుమ్మం దగ్గర గార్డు ఉంటాడు, బ్యాగు తెరిచి చూస్తాడు, ఎవరి అతిథో అడుగుతాడు. చిన్నబుచ్చుకోకండి. పెద్ద బ్యాక్‌ప్యాక్ కార్లోనే వదిలేసి, పిలిచినవాళ్ళ పేరు చెప్పి, నవ్వుతూ లోపలికి వెళ్ళండి.

ఏం కట్టుకోవాలి, ఏం తీసుకెళ్ళకూడదు

మగవాళ్ళకి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, వీలైతే కోటు. ఆడవాళ్ళకి చీర భేషుగ్గా ఉంటుంది. ఆర్థొడాక్స్ అయితే మోచేతులు దాటే జాకెట్టు వేసుకుని, భుజం నిండా కొంగు కప్పుకుంటే చాలు. బూట్లు విప్పొద్దు, విప్పడం కొచ్చి పద్ధతి. కొచ్చిలో మట్టాంచేరి పరదేశి సినగాగ్‌కి వెళ్తే చెప్పులు బయటే వదలాలి. 1568లో కట్టిన ఆ గుడిలో నేలంతా చైనా నుంచి వచ్చిన నీలం రంగు పలకలే. అమెరికాలో మాత్రం బూట్లతోనే లోపలికి.

గుమ్మం పక్కన బుట్టలో గుండ్రటి చిన్న టోపీలుంటాయి. వాటిని కిప్పా అంటారు. మగవాళ్ళు ఒకటి తీసి నడినెత్తి మీద పెట్టుకోవాలి, మీరు యూదులు కాకపోయినా సరే, అది ఆ చోటుకి ఇచ్చే మర్యాద. జుట్టు పల్చబడిన వాళ్ళకి అది జారుతూ ఉంటుంది (అనుభవం), పక్కనే క్లిప్పులుంటాయి, మొహమాటపడకుండా తీసుకోండి. ఆ పక్కన కొక్కేలకి అంచుల్లో కుచ్చులున్న తెల్లటి శాలువాలు వేలాడతాయి. అవి తల్లీత్‌లు. వాటి జోలికి పోకండి, అవి వాళ్ళు మాత్రమే కప్పుకోవాల్సినవి.

ఇక పులిహోర సంగతి. ఇంట్లో వండినది ఏదీ తీసుకెళ్ళకండి. కోషర్ (వాళ్ళ ఆహార నియమాలు పాటించే) వంటింటికి లెక్క వేరు: మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు, బయటి గిన్నెలో వండింది లోపలికి రాదు. నా డబ్బా చూసి అక్కడి పెద్దావిడ రెండు చేతులతో తీసుకుని, "ఇది భద్రంగా పెడతాను, వెళ్ళేటప్పుడు ఇస్తాను" అంది. ఆ మాట అన్న తీరు చూసి మడి కట్టుకున్న మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మడి బట్టకి తగలకుండా మనం పక్కకి జరిగేవాళ్ళమే గానీ అవమానమనుకున్నామా? ఇదీ అంతే.

డబ్బుల కవరు కూడా ఆ రోజు ఇవ్వకూడదు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి మర్నాడు చీకటి పడేదాకా సబ్బాత్, వాళ్ళ విశ్రాంతి దినం. ఆ వేళలో ఆచారం పాటించేవాళ్ళు డబ్బు ముట్టుకోరు, పెన్ను పట్టుకోరు, ఫోను తీయరు. కవరు ముందురోజుల్లో పోస్టులో పంపండి, లేదా ఆదివారం ఇవ్వండి. ఎంత పెట్టాలంటే, 18 లెక్కలో: 54, 90, 180 డాలర్లు, మీ స్థోమతను బట్టి. హీబ్రూలో 'హాయ్' అంటే బతికున్నది, ఆ రెండక్షరాల విలువ 8, 10 కలిపితే 18. మన నూటపదహార్లున్న వాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

లోపల: మూడు గంటలు ఎలా గడపాలి

శనివారం పొద్దుటి ప్రార్థన రెండున్నర, మూడు గంటలు సాగుతుంది. కార్డులో 9 అని ఉంటుంది, కానీ 9 గంటలకి వెళ్తే హాల్లో పదిహేను మందే ఉంటారు. మామూలుగా వచ్చేవాళ్ళు తాపీగా వస్తారు, ఈ ఒక్క విషయంలో మనవాళ్ళే. తొమ్మిదిన్నర కల్లా కూర్చుంటే పిల్లాడి వంతు తప్పిపోదు. నడుస్తున్న ప్రార్థనలో అందరూ నిలబడి ఉంటే తలుపు దగ్గరే ఆగి, వాళ్ళు కూర్చున్నాక లోపలికి వెళ్ళండి.

సీటు వెనక గూట్లో రెండు పుస్తకాలుంటాయి. ప్రార్థనల పుస్తకం సిద్దూర్, వేదపాఠంలాంటిది హూమాష్. రెండూ కుడి నుంచి ఎడమకి. మనకి వెనక అట్ట వాళ్ళకి ముందు అట్ట. ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉంటుంది. మధ్యమధ్య ఎవరో ఒకరు పేజీ నంబరు చెబుతారు. అయినా మీరు తప్పిపోతారు, తప్పిపోతే పక్కవాళ్ళ పుస్తకంలోకి తొంగి చూడండి, వేలుపెట్టి చూపిస్తారు. పుస్తకం నేల మీద పెట్టకండి. జారిపడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మనం కళ్ళకద్దుకున్నట్టు. మీరు కళ్ళకద్దుకున్నా బాగానే ఉంటుంది, నేనలాగే చేశాను, పక్కాయన తల ఊపాడు.

అందరూ లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. వంగాల్సిన పని లేదు, చదవాల్సిన పని లేదు. ఒకచోట హాలంతా పాదాలు దగ్గర పెట్టుకుని, జెరూసలేం వైపు తిరిగి, పెదవులు కదులుతూ నిశ్శబ్దంగా నిలబడుతుంది. అది అమీదా. ఆ అయిదారు నిమిషాలు ఎవరినీ పలకరించకండి, ఎవరి ముందు నుంచీ నడవకండి. (అమెరికాలో తూర్పుకి తిరిగితే, మన దేశంలో అదే ప్రార్థన పడమటికి తిరిగి చేస్తారు.)

అసలు ఘట్టం తోరా, అంటే చుట్టగా చుట్టి ఉంచే వాళ్ళ ధర్మగ్రంథం, బయటికి తీసినప్పుడు. ఎదుటి గోడలో ఉన్న బీరువాలాంటి అరోన్ తలుపులు తెరుస్తారు, అందరూ లేస్తారు. మఖమలు గుడ్డ తొడిగి, వెండి కిరీటం పెట్టిన పెద్ద చుట్టను గుండెకి ఆనించుకుని హాలంతా తిప్పుతారు. మన ఉత్సవ విగ్రహం ఊరేగింపు చూసినవాళ్ళకి ఒళ్ళు ఝల్లుమంటుంది. జనం శాలువా కొసతోనో, పుస్తకంతోనో దాన్ని తాకి ఆ కొసను ముద్దుపెట్టుకుంటారు. మీరు తాకక్కర్లేదు. అది వెళ్తున్న వైపు ముఖం తిప్పుతూ, వీపు పెట్టకుండా నిలబడితే చాలు.

వీలైతే కాస్త ముందు వరసలో కూర్చోండి, ఇక్కడ చూడాల్సింది ఉంది. ఆ చుట్ట తోలు పత్రాల మీద చేత్తో రాసింది, మొత్తం 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం చెదిరినా బాగుచేసేదాకా దాన్ని చదవరు. అందులో అచ్చుల గుర్తులుండవు, స్వరాల గుర్తులుండవు. ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో చదివేవాడు కంఠస్థం చేసి రావాలి. మన వేదపాఠశాలలో స్వరం తప్పితే గురువుగారు ఊరుకోనట్టే, ఇక్కడా బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి పుస్తకంలో చూస్తూ వింటుంటారు. ఒక మాట తప్పు పలికితే పైకే సరిచేస్తారు, మళ్ళీ చదవాలి. చేతివేలు తోలుకి తగలకూడదని, కొసన చిన్న వేలు చెక్కిన వెండి పుల్లతో చూపించుకుంటూ చదువుతారు. మేం వెళ్ళినరోజు ఆ పదమూడేళ్ళ పిల్లాడికి గొంతు మారుతోంది. పై స్వరం దగ్గర కీచుమంది. వాడు ఆగాడు, వెండిపుల్ల వెనక్కి జరిపాడు, మళ్ళీ అందుకున్నాడు. వాళ్ళ నాయనమ్మ రెండు పిడికిళ్ళూ గడ్డం కింద పెట్టుకుని ఊపిరి బిగబట్టింది.

తోరా మొత్తాన్ని 54 భాగాలు చేసి ఏడాదిలో ముగిస్తారు, ముగించిన పండగలోనే మళ్ళీ మొదటికొస్తారు. అందుకే ఆ వారం ఏ భాగమో ముందే కనుక్కుని ఇంగ్లీషులో చదువుకుని వెళ్తే మూడు గంటలూ తెలియకుండా గడిచిపోతాయి.

పిల్లాడి చదువు అయ్యాక చప్పట్లు కొట్టబోతారేమో, చాలాచోట్ల కొట్టరు. "మాజెల్ టోవ్" అనండి. అంతకుముందే ఎవరో మీ గుప్పిట్లో మెత్తటి జెల్లీ చాక్లెట్లు పోస్తారు. తినేయకండి, అవి అక్షింతలు! సైగ చేశాక పిల్లాడి మీద వేయాలి. గట్టిగా విసరకుండా, కిందనుంచి. వెంటనే చిన్నపిల్లలంతా బల్లకిందకి దూరి ఏరుకుంటారు, మీ పిల్లల్ని కూడా వదిలేయండి.

ఫోటో తీయకండి. ఫోను ఆపేసి కార్లో పెట్టండి, జేబులో ఉంటే చెయ్యి ఆగదు. ఆర్థొడాక్స్ చోట బాత్రూమ్ లైటు అలవాటుగా ఆర్పేసి వస్తే తరవాత వచ్చినవాళ్ళు చీకట్లో పడాలి, వాళ్ళు సబ్బాత్ రోజున స్విచ్చి వేయరు. పరాయి ఆడవాళ్ళకో మగవాళ్ళకో చెయ్యి కలపడం కూడా అక్కడ చాలామందికి ఉండదు. నమస్కారం పెట్టండి, ఇంత చక్కగా పనికొచ్చేది ఇంకోటి లేదు.

కిద్దూష్: వెళ్ళిపోకండి

ప్రార్థన అవగానే పక్క హాల్లో భోజనం, దాన్నే కిద్దూష్ అంటారు. సభ్యులే వంతులవారీగా పెట్టిస్తారు: పెళ్ళిరోజుకో, పోయిన తల్లిదండ్రుల జ్ఞాపకానికో. వారమంతా ఎవరింట్లో ఏం జరిగిందో, ఎవరు ఆస్పత్రిలో ఉన్నారో, ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరిందో తెలిసేది ఇక్కడే. ముందు ద్రాక్షసారా గ్లాసు ఎత్తి ఆశీర్వాదం చదువుతారు. అది అయ్యేదాకా ప్లేటు ముట్టుకోకండి. సారా వద్దంటే ద్రాక్షరసం ఉంటుంది. తరవాత గుడ్డ కప్పి ఉంచిన రెండు జడల రొట్టెలు, వాటిని హల్లా అంటారు.

శాకాహారులు మాత్రం కళ్ళు తెరుచుకుని వడ్డించుకోవాలి. హల్లాలో మామూలుగా గుడ్డు ఉంటుంది. పెద్ద పాత్రలో పొగలు కక్కుతున్న చోలెంట్‌ది పప్పుచారు రంగే గానీ అందులో చాలాసార్లు గొడ్డుమాంసం ఉంటుంది. శనివారం పొయ్యి వెలిగించకూడదు గనక శుక్రవారమే బీన్సు, బార్లీ, బంగాళాదుంపలు వేసి సన్నసెగ మీద రాత్రంతా వదిలేస్తారు. మన పల్లెల్లో దాలిలో పాలు పెట్టినట్టే. మాంసం లేనిది ఏదని వడ్డించేవాళ్ళనే అడగండి, ఓపిగ్గా చెబుతారు. ఆ భోజనంలో మాంసం ఉంటే పాలు, వెన్న, చీజ్ ఉండవు. పెరుగు అడగకండి. పెరుగన్నం లేనిదే భోజనం ముగియదనేవాళ్ళు ఇంటికొచ్చి ముగించుకోండి.

శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళకి ఇంకో మాట. సబ్బాత్‌కి మూడు పూటలా తినాలని వాళ్ళ నియమం. యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం పడితే తప్ప ఆ రోజు ఉపవాసం ఉండరు. ఖాళీ ప్లేటుతో మీరు కూర్చుంటే పెద్దవాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి కారణం అడుగుతారు. ముందే పిలిచినవాళ్ళకి చెప్పి, పండ్లతో సరిపెట్టుకోండి.

శనివారం పని మానడం వినడానికి కొత్తగా ఉంటుంది గానీ మన దేశంలోనూ ఇది పాతదే. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ యూదులు గానుగ నూనె ఆడేవాళ్ళు. శనివారం గానుగ ఆపేవారని చుట్టుపక్కల వాళ్ళు వాళ్ళని 'శనివార్ తేలి' అనేవాళ్ళు. వాళ్ళకి మలీదా అనే మొక్కుబడి ఒకటుంది: తీపి అటుకుల్లో కొబ్బరి కలిపి పళ్ళెం నిండా పోసి, చుట్టూ పండ్లు పెట్టి, ఏలియా ప్రవక్త పేరు మీద పాడి పంచుతారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి, తెలుగు మాట్లాడే యూదులు. అక్కడికి వెళ్ళాలనిపిస్తే ముందు కబురు చేసి వెళ్ళండి, అది వాళ్ళు బతికే చోటు. ముంబై, కొచ్చిల్లో అయితే గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. కొచ్చిలో శనివారం సందర్శకులకి తలుపు తెరవరు.

బార్ మిట్జ్‌వా కాకుండా ఊరికే చూడాలంటే

శుక్రవారం సాయంత్రం వెళ్ళండి. గంటలో అయిపోతుంది, అంతా పాటలే. 'లెఖా దోదీ' అనే పాట చివరి చరణానికి అందరూ లేచి గుమ్మం వైపు తిరుగుతారు. వెనక ఎవరొచ్చారా అని చూడకండి. సబ్బాత్‌ని పెళ్ళికూతురనుకుని లోపలికి పిలవడం అది. ఆ సాయంత్రం ఎవరు కనబడినా "షబ్బాత్ షలోమ్". శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనబడ్డాక సబ్బాత్‌ని సాగనంపే హవ్‌దాలా ఉంటుంది: జడలా అల్లిన కొవ్వొత్తి, లవంగాలు దాల్చిన చెక్క ఉన్న చిన్న డబ్బా అందరి చేతుల్లోంచీ తిరుగుతుంది. వాసన చూసి పక్కవాళ్ళకివ్వడమే మీ పని.

ఆదివారం పిల్లలకి హీబ్రూ బడి, తెలుగు నేర్పే మన మనబడి లాంటిదే, తల్లిదండ్రుల తిప్పలూ అవే.

మామూలు రోజున వెళ్ళాల్సి వస్తే

సోమవారమో మంగళవారమో వెళ్ళడమంటే సాధారణంగా ఒకే కారణం, ఎవరో పోయారు. తండ్రో తల్లో పోతే పిల్లలు పదకొండు నెలలపాటు కద్దీష్ అనే ప్రార్థన చెబుతారు, తరవాత ఏడాదికోసారి. మన తద్దినం తిథి ప్రకారం వచ్చినట్టే అది కూడా చాంద్రమాన తేదీ ప్రకారం వస్తుంది, అధికమాసం కూడా వాళ్ళకుంది. కద్దీష్‌లో చావు అన్న మాటే ఉండదు. కానీ ఒంటరిగా చెప్పకూడదు. పదిమంది పెద్దవాళ్ళు ఉండాలి, ఆర్థొడాక్స్‌లో పదిమంది మగవాళ్ళు. ఆ పదిమందిని మిన్యాన్ అంటారు.

మీ స్నేహితుడింట్లో ఎవరైనా పోతే పూలు పంపకండి. ఏడు రోజులు ఇంట్లోనే షివా అనే సంతాపం పాటిస్తారు, ఆ రోజుల్లో ఇంటికి వెళ్ళండి. బెల్లు కొట్టక్కర్లేదు, తలుపు తీసే ఉంటుంది. వాళ్ళు పలకరించేదాకా పక్కన కూర్చోండి. పోయినవాళ్ళ గురించి వాళ్ళు చెబితే వినండి. తినడానికి పంపాలంటే కోషర్ షాపు నుంచి పంపించండి.

మా ఆఫీసాయన తండ్రి పోయిన కొత్తలో ఒక మంగళవారం సాయంత్రం ఆయన్ని నేనే కార్లో తీసుకెళ్ళాను. లోపల ఆయనతో కలిపి తొమ్మిది మంది. నేను పదో మనిషినే గానీ లెక్కలోకి రాను, యూదుణ్ణి కాదు కదా. ఒకాయన ఫోన్లు చేస్తున్నాడు. ఇంకొకాయన గడియారం చూసి, కిటికీలోంచి వీధి చూశాడు. మా ఆఫీసాయన పుస్తకం తెరిచిపెట్టుకుని ఆ పేజీనే చూస్తున్నాడు. ఇలాంటప్పుడు లేచి బయటికి వెళ్ళబోతారేమో, వెళ్ళకండి, కూర్చునే ఉండండి. ఏడెనిమిది నిమిషాలకి ఒకాయన పాల క్యాను, కూరల సంచీ చేత్తో పట్టుకుని వగరుస్తూ వచ్చాడు. సంచీ వెనక బెంచీ మీద పెట్టి, బుట్టలోంచి టోపీ తీసి నెత్తిన పెట్టుకుంటుండగానే మొదలుపెట్టేశారు. మా ఆఫీసాయన లేచి నిలబడ్డాడు. మిగతావాళ్ళు "ఆమేన్" అన్నచోటల్లా నేనూ అన్నాను.